పొలాల మధ్య గుంపుగా సైకిల్ యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

యాత్రకు వారం ముందు నుంచి కొత్తగా వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. నేను గుంపులో అందరికంటే చివర తొక్కే మనిషిని. నా వెనక ఎవరూ మిగిలిపోకుండా చూడటమే నా పని. రోజంతా అందరి వీపులూ చూస్తూ వెళ్తాను కాబట్టి ఎవరు ఎక్కడ అలిసిపోతారో, ఎందుకు అలిసిపోతారో కాస్త తెలిసింది. ఇక్కడ చెప్పేది రేసుల గురించి కాదు. పదీ పదిహేనుమంది కలిసి, చదునైన పొలాల దారుల్లో, రోజుకు 80 నుంచి 110 కిలోమీటర్ల చొప్పున కొన్ని రోజులపాటు చేసే ప్రయాణాల గురించి.

కొండలు లేవు కదా, సులువుగానే ఉంటుందా?

అందరూ మొదట అడిగేది ఇదే. సులువుగా ఉండదు. కష్టం ఇంకో రూపంలో వస్తుంది.

కొండ దారిలో ఎక్కేటప్పుడు ఎంత ఆయాసపడ్డా, దిగేటప్పుడు కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది. ఎక్కుడులో సీటు మీంచి లేస్తాం, నడుము సాగుతుంది, చేతుల పట్టు మారుతుంది. చదును నేల మీద ఇవేవీ ఉండవు. తొక్కడం ఆపితే కాసేపటికి సైకిల్ కూడా ఆగిపోతుంది. నిమిషానికి 85 సార్లు పెడల్ తిప్పుతూ, గంటకు 22 కిలోమీటర్ల వేగంతో 100 కిలోమీటర్లు వెళ్తే నాలుగున్నర గంటలు పడుతుంది. అంతసేపట్లో పెడల్ దాదాపు 23 వేల చుట్లు తిరుగుతుంది. ఆ 23 వేల చుట్లూ అదే సీటు మీద, నడుము అదే వంపులో ఉండగానే. అందుకే ఇక్కడ తొడల కంటే ముందు సీటు తగిలే చోటు, మెడ, అరచేతులు మొరాయిస్తాయి.

దీనికి నేను చెప్పే చిట్కా ఒకటే. ప్రతి పావుగంటకూ గేరు ఒకటి బరువు పెంచి, సీటు మీంచి లేచి పది పదిహేను చుట్లు నిలబడి తొక్కండి. అవసరం అనిపించినా, అనిపించకపోయినా సరే. నొప్పి మొదలయ్యాక లేచి పెద్దగా లాభం ఉండదు. లేచే ముందు మాత్రం వెనకవాళ్లకు చెప్పండి. మనం లేచిన క్షణంలో సైకిల్ కొద్దిగా వెనక్కి తగ్గుతుంది, వెనక చక్రానికి దగ్గరగా ఉన్నవాళ్లు ఉలిక్కిపడతారు.

గాలి గురించి అందరూ అంతలా ఎందుకు మాట్లాడతారు?

మైదానంలో గాలే కొండ కాబట్టి. మామూలు కొండకు శిఖరం ఉంటుంది, ఎక్కాల్సింది ఎంతో కళ్ల ముందే కనిపిస్తుంది. ఎదురుగాలికి అదేమీ ఉండదు. మధ్యాహ్నం పదకొండింటికి మొదలై సాయంత్రం దాకా మొహం మీద కొడుతూనే ఉంటుంది.

లెక్క చూస్తే విషయం తెలుస్తుంది. మీరు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి ఉంటే, మీ ఒంటికి తగిలేది 35 కిలోమీటర్ల గాలి. గాలి అడ్డుకునే బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది. అంటే తగిలే గాలి రెట్టింపయితే అడ్డు నాలుగు రెట్లవుతుంది. గాలి లేని రోజున కూడా 20 నుంచి 25కి వేగం పెంచితే, గాలిని చీల్చడానికి కాళ్లు పెట్టాల్సిన శక్తి దాదాపు రెట్టింపు. 'ఇంకొంచెం స్పీడు పెంచుదాం' అనేవాళ్లకు ఈ మాట ప్రతి యాత్రలోనూ చెప్తాను, ప్రతి యాత్రలోనూ ఎవరో ఒకరు వినరు.

ఇంకో అపోహ కూడా ఉంది. పొద్దున ఎదురుగాలి ఉన్నా, తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి లెక్క సరిపోతుందనుకుంటారు. సరిపోదు. 20 కిలోమీటర్లు గంటకు 15 చొప్పున వెళ్లి, తిరుగు ప్రయాణంలో 25 చొప్పున వచ్చారనుకోండి. వెళ్లడానికి 80 నిమిషాలు, రావడానికి 48 నిమిషాలు, మొత్తం 128. గాలి లేకుండా 20 చొప్పున వెళ్లొస్తే 120 నిమిషాల్లో అయిపోయేది. ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ కాబట్టి గాలి తీసుకున్నదంతా తిరిగి ఇవ్వదు.

ఎదురుగాలిలో చేయాల్సినదల్లా గేరు తగ్గించి, మోచేతులు కాస్త వంచి, మీటర్‌లో వేగం చూడటం మానేయడం. 22 వెళ్లే రోజు 15 వెళ్తే తప్పేమీ లేదు. నెదర్లాండ్స్‌లో అయితే దీన్నే పోటీగా పెట్టుకున్నారు. 2013లో మొదలైన ఆ ఎదురుగాలి సైకిల్ పోటీ, సముద్రపు పోటును ఆపే ఓస్టర్‌స్కెల్డె అడ్డుకట్ట మీద 8.5 కిలోమీటర్లు సాగుతుంది. గేర్లు లేని మామూలు సైకిళ్ల మీద తొక్కాలి, తుఫాను గాలి వీచే రోజు చూసి పోటీ పెడతారు. ఇష్టపడి వెళ్లేవాళ్లు కూడా ఉన్నారని తెలిస్తే మన రోజు కాస్త తేలికనిపిస్తుంది.

తెల్లవారకముందే బయల్దేరాలా? ఏడింటికి వెళ్తే కుదరదా?

కుదురుతుంది, కానీ ఆ ఆలస్యానికి మధ్యాహ్నం మీరే బాధపడతారు. రాత్రి చల్లబడిన నేల మీద గాలి సాధారణంగా నెమ్మదిగా వీస్తుంది. ఎండెక్కి నేల వేడెక్కేకొద్దీ పైనున్న వేగమైన గాలి కిందికి కలిసి, మధ్యాహ్నానికి ఊపందుకుంటుంది. సాయంత్రం మళ్లీ తగ్గుతుంది. అందుకే పదిలోపు సగం కంటే ఎక్కువ దూరం అయిపోయేలా చూసుకుంటాం. ఎండ సంగతి సరేసరి.

వెలుగు సరిగా రాకముందు బయల్దేరితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. గుంపులో ఉన్నప్పుడు వెనక లైటును మిణుకుమనే మోడ్‌లో పెట్టకండి. గంటసేపు దాన్నే చూస్తూ వెళ్లే వెనకవాళ్ల కళ్ల గురించి ఆలోచించండి. మిణుకుమనే లైటు నాది, చివర.

గుంపులో ఎలా తొక్కాలి? ముందువాళ్లకి ఎంత దగ్గరగా ఉండాలి?

గుంపుగా వెళ్లడంలో సరదాతో పాటు పెద్ద లాభం ఒకటుంది. ముందు మనిషి చీల్చిన గాలి నీడలో తొక్కితే శ్రమ బాగా తగ్గుతుంది. వేగం, దూరం, గాలి దిశను బట్టి నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా మిగులుతుంది. రోజంతటి ప్రయాణంలో అది చిన్న విషయమేమీ కాదు.

అలవాటున్నవాళ్లు అర సైకిల్ దూరంలో వెళ్తారు. మొదటిసారి వచ్చినవాళ్లు ఒక సైకిల్ పొడవు, ఇంకా బెరుకుగా ఉంటే రెండు సైకిళ్ల దూరం ఉంచుకోండి. అక్కడ కూడా లాభం ఉంటుంది. అంతకంటే ముఖ్యం, మీ ముందు చక్రం ఎదుటివాళ్ల వెనక చక్రం పక్కకు ఎప్పుడూ చేరకూడదు. అవి ఒకదానికొకటి రాసుకుంటే ముందువాళ్లకు దాదాపు ఏమీ కాదు, వెనకున్న మీరు పడతారు. గుంపులో నేను చూసిన పడిపోవడాల్లో ఎక్కువ భాగం ఇలా జరిగినవే, అదీ మాటల్లో పడ్డప్పుడు.

చూపు ముందు చక్రం మీద పెట్టకండి. ముందు మనిషి భుజాల మీదుగా, వీలైతే ఇంకో ఇద్దరి అవతలికి చూడండి. బ్రేకు గట్టిగా నొక్కే అలవాటు మానుకోవాలి. కాస్త వేగం తగ్గాలంటే తొక్కడం ఆపండి, లేదా గాలికి ఎదురుగా నిటారుగా కూర్చోండి, చాలు.

ముందు నిలబడేవాళ్లు ఐదు నుంచి పది నిమిషాలకు ఒకసారి మారుతుంటారు. మీ వంతు వచ్చినప్పుడు చేసే పొరపాటు అందరూ చేసేదే: వేగం పెంచేస్తారు. ఇప్పటిదాకా 22లో వస్తున్న గుంపును ఉత్సాహం కొద్దీ 26కి లాగుతారు. ముందుకు వచ్చేముందు మీటర్‌లో ఎంత ఉందో చూసుకోండి, అదే ఉంచండి. ఓపిక లేకపోతే ముందుకు రాకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. వంతు రాగానే పక్కకు తప్పుకుని వెనక్కి వెళ్లిపోవచ్చు.

పక్కగాలి వీచినప్పుడు గాలి నీడ సరిగ్గా వెనక ఉండదు, ఓ పక్కకు జరుగుతుంది. గాలి ఎడమ వైపు నుంచి వస్తుంటే ముందువాళ్లకి కాస్త కుడివైపు వెనక్కి చేరితే అది దొరుకుతుంది. అందరూ అలా చేరితే రోడ్డు మీద ఏటవాలు వరుస తయారవుతుంది. డచ్‌వాళ్లు దీన్ని 'వాయెర్' అంటారు, విసనకర్ర అని అర్థం. చూడటానికి బాగుంటుంది గానీ, ఇందులో చక్రాలు పక్కపక్కకు చేరక తప్పదు, రోడ్డు వెడల్పంతా పడుతుంది. బండ్లు తిరిగే దారిలో వద్దు. ఖాళీ పొలం దారిలో, అలవాటున్న ముగ్గురు నలుగురు మాత్రమే చేయాలి.

నేను నెమ్మదిగా తొక్కుతాను. నావల్ల అందరూ ఆగాల్సి వస్తుందేమో?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు నిజానికి గుంపుకు ఇబ్బంది కారు. తాము నెమ్మది అని తెలిసినవాళ్లు పొద్దున్నుంచి జాగ్రత్తగా తొక్కుతారు. నాకు టెన్షన్ పెట్టేది రెండో రకం, మొదటి 30 కిలోమీటర్లు ముందు వరుసలో ఊగిపోయి, డెబ్బయ్యో కిలోమీటరు దగ్గర నా పక్కకు చేరి మౌనంగా తొక్కేవాళ్లు.

ఇంకో సంగతి. చివర ఉండటం సులువని అనుకుంటారు, కానీ వరుస పొడవు పెరిగేకొద్దీ చివరివాళ్లకే కష్టం. మలుపు దగ్గర ముందువాళ్లు ఒక్క క్షణం నెమ్మదించి మళ్లీ వేగం అందుకుంటారు. ఆ చిన్న కుదుపు ఒక్కొక్కరినీ దాటేకొద్దీ పెరిగి, పన్నెండో మనిషి దగ్గరికి వచ్చేసరికి గట్టిగా బ్రేకు వేసి, ఆ తర్వాత ఊపిరి బిగబట్టి తరుముకోవాల్సి వస్తుంది. ఇలా రోజుకు యాభై మలుపులు. అందుకని నెమ్మదిగా తొక్కేవాళ్లను నేను మూడో స్థానంలోనో నాలుగో స్థానంలోనో పెట్టమంటాను. వాళ్ల ముందు గాలికి అడ్డు ఉంటుంది, కుదుపు తక్కువ, పైగా గుంపు వేగం దానంతట అదే వాళ్లకు తగ్గట్టు కుదురుకుంటుంది. పది మంది దాటితే గుంపును రెండుగా చేస్తాం. మలుపు దాటాక ముందువాళ్లు చివరి మనిషి మలుపు తిరిగేదాకా పాత వేగానికి రాకూడదన్నది మా నియమం.

దారి మలుపు తిరిగే ప్రతిచోటా ఎవరో ఒకరు ఆగి, వెనకవాళ్లు కనిపించాకే కదులుతారు. కాబట్టి తప్పిపోతామన్న భయం అక్కర్లేదు. మరీ ఓపిక లేకపోతే వెంట వచ్చే బండిలో ఎక్కండి. సగం రోజు బండిలో కూర్చుని మర్నాడు హాయిగా తొక్కినవాళ్లున్నారు. పట్టుదలకు పోయి మోకాలు పాడు చేసుకుని మిగతా రోజులన్నీ బండిలోనే గడిపినవాళ్లూ ఉన్నారు. నేను రెండో జాబితాలో ఒకసారి చేరాను.

సైగలు ఏమేం నేర్చుకోవాలి?

ఐదారు చాలు. గుంత ఉన్న వైపు వేలితో చూపించడం, ఆగుతున్నప్పుడు అరచేయి వెనక్కి తిప్పి చూపడం, పక్కకు జరగాలన్నప్పుడు వీపు వెనక చేయి ఊపడం, మలుపు వైపు చేయి చాపడం. చేయి తీయడానికి భయమైతే నోటితో చెప్పండి, అదే మేలు. 'గుంత', 'ఆగుతున్నాం', 'వెనక బండి', 'ఎదురు బండి'. ముందునుంచి వచ్చిన మాట వెనక్కి, వెనకనుంచి వచ్చిన మాట ముందుకు ప్రతి ఒక్కరూ అందించాలి. మధ్యలో ఒకరు ఊరుకుంటే అక్కడితో ఆగిపోతుంది, ఎదురుగాలిలో అయితే వెనకనుంచి అరిచేది ముందుకు అసలు చేరదు.

ఏం తినాలి, ఎంత తాగాలి?

ఆకలేసేదాకా ఆగొద్దు. ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం గట్టిగా తొక్కితే రెండు మూడు గంటల్లో ఖాళీ అవుతుంది. అది అయిపోయాక ఉన్నట్టుండి కాళ్లు పత్తిలా అయిపోతాయి, చిరాకు వస్తుంది, చిన్న లెక్క కూడా తెగదు. పక్కవాళ్ల మీద కారణం లేకుండా విసుక్కుంటున్నారంటే మీరు తినాల్సిన సమయం దాటిపోయిందని అర్థం. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం సరిపోతుంది. ఒక పెద్ద అరటిపండులో సుమారు 25 నుంచి 30 గ్రాములు ఉంటాయి. చొక్కా వెనక జేబులో పెట్టుకుని అరగంటకోసారి కొంచెం కొంచెంగా తినండి. మధ్యాహ్నం కడుపు నిండా తిని వెంటనే ఎదురుగాలిలోకి వెళ్లడం మాత్రం వద్దే వద్దు.

నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, ఎండ ముదిరితే ఇంకాస్త. గాలి చెమటను ఎప్పటికప్పుడు ఆరబెట్టేస్తుంది కాబట్టి ఎంత పోయిందో తెలియదు. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తే అదే గుర్తు. అలాగని ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగడమూ మంచిది కాదు. రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, మరీ ఎక్కువైతే స్పృహ తప్పడం దాకా వెళ్తుంది. రెండు సీసాలు పెట్టుకోండి. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో ఉప్పు, చక్కెర కలిపినవి. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు ఇదంతా ముందు తమ డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

దారిలో చెట్టు కూడా లేదు. ఒకటికి వెళ్లాలంటే?

అందరి మనసులో ఉండేదే, పైకి అడగరు. మైదానంలో చాటు ఉండదు, నిజమే. ఊళ్లలో, పెట్రోలు బంకుల్లో ఆగిన ప్రతిసారీ అవసరం ఉన్నా లేకపోయినా వెళ్లిరండి. మధ్యలో తప్పకపోతే గుంపుకు చెప్పండి. వెంట వచ్చే బండి అడ్డంగా నిలుపుతారు, మిగతావాళ్లు కాస్త ముందుకు వెళ్లి ఆగుతారు. ఆడవాళ్ల కోసం బండిలో ఒక పెద్ద దుప్పటి ఉంచుతాం. చేలో దిగి పైరు తొక్కకండి. వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసేవాళ్లున్నారు, దాని ఫలితం సాయంత్రం తలనొప్పి రూపంలో చూస్తాను.

పొలాల దారుల్లో ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి ఉన్నాయా?

చాలా ఉన్నాయి, ఊరి రోడ్ల మీద తొక్కి అలవాటైనవాళ్లకు తట్టవు.

ట్రాక్టర్ చక్రాలకు అంటుకుని రోడ్డు మీద రాలిన మట్టి ఎండితే గులకరాళ్లలా ఉంటుంది. నాలుగు చినుకులు పడితే సబ్బులా జారుతుంది. దాని మీద బ్రేకు వేయకండి, మలుపు తిప్పకండి, తిన్నగా దాటేయండి. రోడ్డు మీద ఆరబోసిన లేదా ఒలికిన గింజలు కూడా అంతే, కింద బేరింగు గుండ్లు పరిచినట్టు ఉంటాయి. కోతల రోజుల్లో కోత యంత్రాలు రోడ్డు వెడల్పంతా వస్తాయి. వాటితో పంతం వద్దు, అందరం దిగి పక్కన నిలబడతాం. నడిపేవాళ్లు ఎత్తులో కూర్చుంటారు, దగ్గర్లో ఉన్న సైకిల్ వాళ్లకు కనిపించదు. తొట్టి కట్టిన ట్రాక్టర్‌ను పక్క నుంచి దాటే ప్రయత్నం చేయకండి. అది ఏ పొలంలోకి ఎప్పుడు తిరుగుతుందో తెలియదు, తిరిగేటప్పుడు తొట్టి లోపలి వైపుకి కోసుకొస్తుంది.

మొక్కజొన్న లాంటి పైరు మనిషెత్తు దాటిన రోజుల్లో కూడలి దగ్గర పక్క దారి అస్సలు కనిపించదు. 'దారంతా ఖాళీయే కదా' అని ఊపు మీద దాటేసే చోటు ఇదే. ఆ పైరు గాలికి మంచి గోడ కూడా. అందుకే అది అయిపోయి కోసిన చేను రాగానే పక్కగాలి ఒక్కసారిగా తోస్తుంది, హ్యాండిల్ వదులుగా పట్టుకున్నవాళ్లు అడుగు దూరం పక్కకు పోతారు. లారీ దాటి వెళ్లిన క్షణంలో కూడా ఇలాగే ఉంటుంది.

చేలో పురుగుమందు కొడుతుంటే గాలి ఎటు ఉందో చూసి, అవసరమైతే అది అయ్యేదాకా దూరంగా ఆగుతాం. రైలు పట్టాలను, పశువులు దాటకుండా వేసే ఇనుప కడ్డీలను ఏటవాలుగా దాటితే చక్రం ఇరుక్కుంటుంది, వాటికి సరిగ్గా అడ్డంగా, తిన్నగా దాటాలి. కుక్కలు వెంటపడితే గుంపు చెదరకుండా అదే వేగంతో వెళ్లడం మంచిది. కుక్క కంటే దాన్ని చూసి పక్కకు కోసినవాళ్లతోనే ప్రమాదం ఎక్కువ. తుమ్మెదో తేనెటీగో చొక్కాలోకి దూరితే, ముందు సైకిల్ ఆపండి, తర్వాత గంతులు వేయండి.

పంక్చర్ అయితే గుంపు వెళ్లిపోతుందా?

వెళ్లదు. అలాగని పదిహేనుమంది చుట్టూ చేరి సలహాలు ఇవ్వడమూ జరగదు. ఇద్దరు ఆగుతారు, మిగతావాళ్లు ముందున్న నీడలో ఎదురుచూస్తారు. మీ చక్రానికి సరిపడే రెండు ట్యూబులు, టైరు విప్పే ప్లాస్టిక్ మీటలు, చిన్న పంపు మీ దగ్గర ఉండాలి. అందరి చక్రాలూ ఒకే సైజు కాదు కాబట్టి వేరేవాళ్ల ట్యూబు మీకు పనికిరాకపోవచ్చు.

కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపలి వైపు వేళ్లతో నెమ్మదిగా తడిమి చూడండి. పొలం దారుల్లో ముళ్లే ఎక్కువ. పైనుంచి విరిగిపోయిన ముల్లు మొన లోపల ఉండిపోతుంది. దాన్ని తీయకుండా ట్యూబు మారిస్తే రెండు కిలోమీటర్లలో మళ్లీ ఆగాలి. ఒక యాత్రలో ఒకాయన ఒకే ముల్లుకి మూడు ట్యూబులు సమర్పించుకున్నాడు. మూడోసారి ఆయన సైకిల్ పక్కన కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు, మాకు భయమేసింది. ట్యూబులో చిల్లు పక్కపక్కన రెండు గాట్లలా ఉంటే అది ముల్లు పని కాదు. గాలి తక్కువై గుంత అంచుకు ట్యూబు నలిగిందని అర్థం.

టైర్లో గాలి ఎంత ఉండాలి?

గట్టిగా కొడితే వేగంగా వెళ్తుందన్నది పాత నమ్మకం. గరుకు రోడ్డు మీద రాయిలాంటి టైరు ఎగిరెగిరి పడుతుంది, ఆ అదురంతా చేతులకూ నడుముకూ వస్తుంది. సుమారు 70 కిలోల మనిషికి 28 మిల్లీమీటర్ల టైరులో 65 నుంచి 75 పీఎస్ఐ, 32 మిల్లీమీటర్ల టైరులో 50 నుంచి 60 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. బ్యాగులు తగిలిస్తే వెనక టైరులో కొంచెం పెంచాలి. టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠ పరిమితి దాటకూడదు.

దీని కోసం కొత్త సైకిల్ కొనాలా?

వద్దు. మీకు సరిపడే సైజు, నున్నగా తిరిగే గొలుసు, నమ్మకమైన బ్రేకులు, 28 మిల్లీమీటర్లు లేదా అంతకంటే వెడల్పు టైర్లు ఉంటే చాలు. కొత్తగా ఏది కొన్నా, ముఖ్యంగా సీటు, బూట్లు, కనీసం నెల ముందు కొని వాడండి.

సీటు నొప్పి, వేళ్ల తిమ్మిరి తప్పవా?

మొదటి రోజు కొంచెం, మూడో రోజు ఎక్కువ, ఐదో రోజుకి తగ్గుముఖం. మెత్తటి పెద్ద సీటు హాయి అనుకుంటారు గానీ, గంట దాటాక మెత్తదనమే రాపిడి పెంచుతుంది. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు, లోపలి బట్టల కుట్లే పుండ్లు చేస్తాయి. రాపిడి ఉండే చోట క్రీమ్ రాసుకోండి, చేరగానే షార్ట్స్ విప్పేసి ఉతకండి. చెమట బట్టలతోనే కబుర్లలో కూర్చోవడం వల్ల వచ్చేవే చాలా పుండ్లు.

చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచున వెళ్లే నరం నలుగుతోందన్నమాట. మణికట్టు వంచకుండా పట్టుకోవాలి, పట్టు తరచు మార్చాలి. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒంటి బరువంతా చేతుల మీదికి జారుతుంది, దాన్ని సమం చేస్తే చాలామందికి అక్కడితో తగ్గిపోతుంది. సాయంత్రమైనా తిమ్మిరి పోకపోతే మర్నాడు తొక్కొద్దు.

ఉరుములు, మెరుపులు వస్తే?

ఈ ఒక్క విషయంలో గుంపు ఓటు ఉండదు. చదునైన పొలాల మధ్య సైకిల్ మీదున్న మనిషే చుట్టుపక్కల ఎత్తైన వస్తువు. రబ్బరు టైర్లు పిడుగు నుంచి కాపాడవు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే పడుతోందని లెక్క. అప్పటికే పక్కా భవనంలోనో, అద్దాలు మూసిన బండిలోనో ఉండాలి. చివరి ఉరుము వినిపించాక అరగంట దాకా కదలకూడదు. ఏదీ దొరకకపోతే ఒంటరి చెట్టుకూ కరెంటు స్తంభాలకూ ఇనుప కంచెలకూ సైకిళ్లకూ దూరంగా, ఒకరికొకరు ఎడంగా, పల్లంలో పాదాలు దగ్గరగా పెట్టి ముడుచుకుని కూర్చోవాలి. పడుకోకూడదు. మైదానంలో ఉన్న సుఖం ఏమిటంటే మబ్బు వస్తున్న సంగతి గంట ముందే కనిపిస్తుంది.

చూడటానికి ఏమీ ఉండదు కదా, విసుగు పుట్టదా?

పుడుతుంది. అబద్ధం చెప్పను. రెండో రోజు మధ్యాహ్నం ఒకటీ రెండు గంటల మధ్య అందరికీ పుడుతుంది.

మైదానంలో దూరం కళ్లను మోసం చేస్తుంది. సైకిల్ మీద కూర్చున్న మనిషికి నేల మీద దిగంతం సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. కానీ 30 మీటర్ల ఎత్తున్న నీళ్ల ట్యాంకో, ధాన్యం గోదామో ఉంటే దాని పైభాగం 24 కిలోమీటర్ల నుంచే కనిపించడం మొదలవుతుంది. అంటే మీరు చేరాల్సిన చోటు గంటకు పైగా కళ్ల ముందే ఉండి, దగ్గరికి రానే రాదు. కొత్తవాళ్లను ఇదే కుంగదీస్తుంది. 'అదిగో ఊరు' అని ఎవరైనా అంటే నేను వెంటనే 'ఇంకా గంటుంది' అంటాను. నన్ను తిట్టుకుంటారు, పర్లేదు.

నేను చేసేది, దూరాన్ని చూడకుండా దగ్గరివి చూడటం. కాలువ నీళ్లు ఎటు పారుతున్నాయి, ఏ చేను కోశారు, ఏది దుక్కి దున్నారు, పొగ ఎటు వంగింది, పక్షులు ఏ ట్రాక్టర్ వెనక మూగాయి. పొగ, పైరు వాలు చూస్తే ముందు మలుపు తర్వాత గాలి మనకు సాయమా, ఎదురా అన్నది కూడా తెలుస్తుంది. ఇక మిగిలింది పక్కవాళ్ల కబుర్లు. కొండ దారిలో ఆయాసంతో మాట రాదు. చదునులో రెండు గంటలు మాట్లాడుకోవచ్చు, అది ఇక్కడే దొరుకుతుంది. పక్కపక్కన తొక్కుతూ మాట్లాడటం బండ్లు లేని దారిలోనే, వెనక బండి అనగానే ఒకే వరుసలోకి రావాలి.

పాటలు వినొచ్చా?

గుంపులో ఉన్నంతసేపు చెవుల్లో ఏమీ వద్దు.

హెల్మెట్ తప్పనిసరా?

అవును. ఇక్కడ వాదన లేదు.

నా వయసుకి కుదురుతుందా?

అమెరికాలో అయోవా రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివరికి ఏటా జరిగే 'రాగ్‌బ్రాయ్' అనే పెద్ద సైకిల్ యాత్ర ఉంది. 1973లో ఇద్దరు పత్రికా విలేఖరులు మొదలుపెట్టారు. ఆ మొదటి యాత్రలోనే క్లారెన్స్ పికార్డ్ అనే 83 ఏళ్ల పెద్దాయన, ఆడవాళ్ల మోడల్ పాత సైకిల్ మీద వచ్చి చివరిదాకా తొక్కాడు. అన్నట్టు, అయోవా అంటే చదును అనుకుని వెళ్లినవాళ్లు అక్కడి ఎత్తుపల్లాలు చూసి లబోదిబోమంటారట. వయసు కంటే ముఖ్యం, గత మూడు నెలల్లో మీరెంత తొక్కారన్నది. గుండె జబ్బు, ఆయాసం, మోకాళ్ల సమస్య ఉంటే డాక్టర్‌ను అడిగాక రండి, ఏ మందులు వాడుతున్నారో నాకు ఒక చీటీ మీద రాసివ్వండి.

ప్రాక్టీస్ ఎంత చేయాలి?

యాత్రలో రోజుకు 100 కిలోమీటర్లయితే, దానికి ముందు కనీసం రెండుసార్లు 60, 70 కిలోమీటర్లు ఒక్క ఊపులో తొక్కి ఉండాలి. అంతకంటే ముఖ్యం, శని ఆదివారాలు వరసగా రెండు రోజులూ తొక్కడం. అలిసిన కాళ్లతో మళ్లీ సీటెక్కడం ఎలా ఉంటుందో శరీరానికి ముందే తెలియాలి. ఒక్కసారైనా గాలి ఎక్కువగా ఉన్న మధ్యాహ్నం కావాలని వెళ్లండి.

సాయంత్రం చేరాక ఏం చేయాలి?

కూలబడకండి, ముందు పది నిమిషాలు మెల్లగా నడవండి. తర్వాత స్నానం, షార్ట్స్ ఉతకడం, అరగంటలో ఏదైనా తినడం. దుమ్ములో తొక్కిన రోజున గొలుసును పొడిగుడ్డతో తుడిచి, నూనె చుక్కలు వేసి, పైన మిగిలింది మళ్లీ తుడిచేయాలి. జిడ్డుగా వదిలేస్తే రేపటి దుమ్మంతా అక్కడే చేరుతుంది. టైర్లను వేళ్లతో తిప్పుతూ గుచ్చుకున్నవేమైనా ఉన్నాయేమో చూడండి, పంక్చర్ కాబోయేది సాయంత్రమే దొరికిపోతుంది. చక్రం ఊచలను రెండేసి చొప్పున నొక్కి చూడండి, వదులైనది చేతికి తెలుస్తుంది.

తొమ్మిది లోపు అందరం ఒకసారి కూర్చుని రేపటి గాలి ఎటు నుంచి ఉందో, ఎంత ఉందో చూస్తాం. దాన్ని బట్టే బయల్దేరే వేళ మారుతుంది. అయిదున్నర అనుకున్నది నాలుగున్నర కావచ్చు. ఆ మాట విని పడుకునేముందు లైట్లు చార్జింగ్‌లో పెట్టండి, సీసాలు నింపి సైకిల్‌కి తగిలించండి. పొద్దున చీకట్లో సీసా మూత వెతుక్కునేవాళ్ల కోసం ప్రతి యాత్రలోనూ పదిహేను నిమిషాలు పోతాయి.